కొలువులో రాక్షససేన ఉండవచ్చునా?



శరన్నవరాత్రులు సమీపించినప్పుడెల్ల నాకు కొన్ని ప్రశ్నలు తప్పక వచ్చుచుండును. కలశస్థాపన ఏ వేళకు, కొలువు మెట్లు ఎన్ని ఉండవలెను, విరిగిన బొమ్మను నిలుపవచ్చునా, అశౌచం గల ఇంట కొలువు తీర్చవచ్చునా, ఇవి అట్టివి. ఈ సంవత్సరం వచ్చిన ప్రశ్న వీటిలో ఏ కోవకూ చెందదు. పులివెందుల వాస్తవ్యులైన ఒక గృహస్థు గండి వీరాంజనేయస్వామిని సేవించుకొని, బంధువులను చూచుటకై ప్రొద్దుటూరు వచ్చి, సాయంకాలం మా ఆలయంలో అడుగుపెట్టినారు. తీర్థం పుచ్చుకొని, జనం తగ్గువరకు మండపంలో కూర్చుండి, మెల్లగా అడిగినారు.

"స్వామీ, మావాడు ఇంజనీరింగు చదువుతా ఉండాడు. గదినిండా ప్లాస్టిక్కు బొమ్మలు. కొమ్ములుండే రాక్షసులు, పుర్రెలు, తుపాకులు పట్టుకున్న యంత్రాలు. రాత్రి రెండు దాకా వాటికి రంగులు వేస్తా కూర్చుంటాడు. ఇంట్లో పెట్టుకోవచ్చునా? దోషమేమోనని వాళ్ళమ్మ భయపడతా ఉంది."

రెండేండ్ల క్రితమైనచో క్షణంలో సమాధానం చెప్పియుందును. నిజమునకు, అప్పుడు ఇదే ప్రశ్నకు క్షణంలోనే చెప్పితిని కూడ. ఆ చెప్పినది తప్పు. అందుచేత ఈసారి వారిని వారం రోజులు గడువడిగి, ఈ వ్యాసం వ్రాయుచున్నాను.

నా తొందరపాటు

జమ్మలమడుగులో మా చెల్లెలి ఇంట ఏటా ఏడు మెట్ల కొలువు తీర్చుదురు. మా సీమలో కొలువు దసరాకే. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి తీర్చువారు ఎక్కువ. పై మెట్టున కలశం, దాని ప్రక్కన మా అమ్మమ్మ కాలపు ఎర్రచందనం దంపతుల బొమ్మలు, దిగువన దశావతారములు, కొండపల్లి అంబారీ ఏనుగు, శెట్టి దంపతులు, బ్యాండు మేళం, ప్లాస్టిక్కు క్రికెట్టు జట్టు. రెండేండ్ల క్రితం బెంగళూరులో ఉద్యోగం చేయు మా మేనల్లుడు పండుగకు వచ్చినాడు. చేతిలో ఒక పెట్టె. అందులో స్పంజి గూళ్ళలో బొటనవ్రేలంత యోధులు ముప్పదిమంది.

"మామయ్యా, కింది మెట్టు మీద ఒక మూల వీటిని పెట్టుకుంటాను" అన్నాడు.

నాకు కనబడినవి పుర్రెలు, కొమ్ములు, కోరలు. "ఇవి పిశాచప్రతిమలు. అమ్మవారి సన్నిధిలో ఉండదగవు, తీసివేయి" అన్నాను. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలు పదిమంది వినుచుండగా అన్నాను. వాడు మారుమాట లేక పెట్టె మూసినాడు. మరుసటి దసరాకు రాలేదు. "అన్నయ్యా, సెలవు దొరకలేదని చెప్పినాడు. దొరకలేదో, వీడే అడగలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అని మా చెల్లెలు నాతో అన్నది.

ప్రమాణం లేక తీర్పు చెప్పరాదని బాల్యంలో తర్కసంగ్రహం వల్లెవేసినవాడను. వల్లెవేసినది అక్కరకు రాలేదు. ఈ వేసవిలో ఒక ఉపనయనమునకు బెంగళూరు వెళ్ళవలసి వచ్చినప్పుడు వాని ఇంటనే దిగి, మూడు రాత్రులు వాడు చేయుపనిని ప్రక్కన కూర్చుండి చూచితిని. చూచినదానిని మొదట ఉన్నదున్నట్లు చెప్పెదను. విమర్శ తరువాత.

వస్తుస్వరూపం

ఈ క్రీడ పేరు వార్‌హామర్ 40,000. ఇంగ్లండులో 1975లో స్థాపితమైన గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థ దీనిని 1987లో వెలువరించినది. ఆ సంస్థ నేటి స్థానం నాటింగ్‌హామ్ నగరం. కథాకాలం నేటికి దాదాపు ముప్పదెనిమిది వేల ఏండ్ల తరువాత. నక్షత్రమండలముల నడుమ మానవులు, హరితవర్ణపు అనాగరిక యోధులు, కీటకసమూహములు, యంత్రదేహములు, భూతగణములు ఎడతెగని యుద్ధం చేయుచుందురు. ఆటగాడు ఒక పక్షమును ఎన్నుకొని సేనను సమకూర్చుకొనును. బల్లపై కొలపట్టీతో దూరం కొలిచి సేనను నడుపును. దెబ్బ తగిలినదో లేదో పాచికలు నిర్ణయించును.

అయితే ఆట ఆడు గంటలకంటె సేనను సిద్ధపరచు గంటలే అనేకరెట్లు ఎక్కువ. బొమ్మ సిద్ధరూపంలో రాదు. చేయి, తల, మొండెం, ఆయుధం వేర్వేరుగా ఒక ప్లాస్టిక్కు చట్రమునకు అంటియుండును. వాటిని కోయవలెను, అచ్చుగీతలను గీకవలెను, జిగురుతో సంధింపవలెను. సందులను రెండు రంగుల ముద్దలను కలిపి పిసికిన పదార్థంతో పూడ్చవలెను. పసుపు, నీలం కలిసి ఆకుపచ్చనగుటచే దానిని గ్రీన్ స్టఫ్ అందురు. పిమ్మట ప్రైమర్ అను తొలిపూత, దానిపై మూలవర్ణములు, ఆపై ముడతలలోనికి జారి నీడను కల్పించు పలుచని వాష్, చివరకు అంచులపై వెలుగుగీతలు. ఒక్క బొమ్మకు రెండు మూడు రాత్రులు పట్టును.

ఇది చూచుచుండగా నాకు కొండపల్లి స్మరణకు వచ్చినది. అక్కడి శిల్పులు తేలికైన తెల్లపొణికి కర్రను సన్నని సెగపై ఆరబెట్టి, అవయవములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపుపూత పూసి, మేకవెంట్రుకల కుంచెలతో రంగులు దిద్దుదురు. అతుకు, పూడ్పు, తెల్లపూత, వర్ణం, అన్నియు అదే క్రమం. నాటింగ్‌హామ్ ప్లాస్టిక్కు, కృష్ణాతీరపు పొణికి ఒకే విధిని అనుసరించుచున్నవి. ఇది తెలిసిన నాకు, మా చెల్లెలి కొలువులో అంబారీ ఏనుగుకు ఇచ్చిన గౌరవమును మేనల్లుని బొమ్మకు ఎందుకు నిరాకరించితినో సమాధానం దొరకలేదు.

సేనను బల్లపై నిలుపుట కూడ మనకు క్రొత్త కాదు. గజ, అశ్వ, రథ, పదాతులను ఎనిమిది గళ్ళ పలకపై నడిపిన చతురంగం ఈ దేశముదే. ఏడవ శతాబ్దంలోనే బాణభట్టు హర్షచరితంలో దాని ప్రస్తావన గలదు. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకై యుద్ధక్రీడను స్వీకరించినది. 1913లో హెచ్.జి. వెల్స్ అను ఆంగ్లరచయిత 'లిటిల్ వార్స్' అను పుస్తకంలో సీసపు సైనికులతో ఇంట ఆడు యుద్ధమునకు నియమములు కూర్చి, నిజయుద్ధం ఎంతటి అవివేకమో తెలియుటకు ఈ చిన్నయుద్ధం ఆడిచూచిన చాలునను అభిప్రాయంతో ముగించినాడు. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధం ఆరంభమైనది.

పూర్వపక్షం మూడు విధములు

మొదటి ఆక్షేపణ: రాక్షసాకృతులు గృహంలో ఉన్నచో దోషం. రెండవది: యుద్ధక్రీడ హింసాబుద్ధిని పెంచును. మూడవది: ధనకాలముల వ్యయం. మూడింటిని వేర్వేరుగా విచారింపవలెను. ఏలననగా వీటిలో రెండు నిలువవు. ఒకటి మాత్రం నిలుచును.

మొదటి ఆక్షేపణ గూర్చి. బొమ్మ వేరు, విగ్రహం వేరు. శిలను తెచ్చి చెక్కినంతమాత్రాన అది అర్చామూర్తి కాదు. అధివాసములు, తెర చాటున నయనోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరుగవలెను. ఆవాహన లేనిచోట సాన్నిధ్యం లేదు. చవితినాడు మనం తెచ్చు మట్టిగణపతియు మంత్రమునకు పూర్వం మట్టియే. ఉద్వాసన చెప్పిన పిమ్మట మరల మట్టియే. దైవసాన్నిధ్యమే మంత్రం లేక రాదని నమ్ము మనం, పిశాచసాన్నిధ్యం మాత్రం అంగడి ప్లాస్టిక్కులో మంత్రం లేకనే వచ్చునని భయపడుట యుక్తమా?

ఇక రాక్షసాకృతి యనుట. విజయదశమినాడు మనం సేవించు అమ్మవారి పాదముల క్రింద ఎవరున్నాడు? మహిషాసురుని తొలగించి మహిషాసురమర్దినిని మలచిన శిల్పి ఎవ్వడైన గలడా? ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరా అలంకారములను చూచుటకు ఊళ్ళూళ్ళ నుండి వచ్చు జనంలో ఎవ్వరును, అసురుడున్నాడని కన్నులు మూసికొనరు.

మా మేనల్లుడు చేయు మరియొక పని నన్ను మరింత ఆలోచింపజేసినది. వాడు ఒక పెట్టెలోని తలను, వేరొక పెట్టెలోని మొండెమును, మూడవదానిలోని ఆయుధమును తెచ్చి, ఏ అంగడిలోను దొరకని రూపమును కూర్చును. దీనిని కన్వర్షన్ అందురట. "ఇట్లా కలపడం తప్పా మామయ్యా?" అని అడిగినాడు. తప్పని ఎట్లు చెప్పుదును? గజవదనుని ప్రతిదినం అర్చించువాడను. నరహరిని కీర్తించువాడను. దుర్గాసప్తశతిలో దేవి ఆవిర్భావమే సకల దేవతల తేజస్సులు ఒక్కటియై మూర్తీభవించుట. ఒక్కొక్క దేవత ఒక్కొక్క ఆయుధం సమర్పించుట. ఆ మహావిషయమును ఈ చిన్నపనితో సమానం చేయుట లేదు. కూర్చినరూపం కాబట్టి వికృతమనుట మాత్రం మన నోట రాదగినమాట కాదని చెప్పుచున్నాను.

కన్నులు దిద్దునప్పుడు వాడు ఊపిరి బిగబట్టును. "కన్ను తప్పితే మొగమంతా పోతుంది మామయ్యా" అన్నాడు. ఆ గదిలో ఆ క్షణమున నాకు గండి క్షేత్రం మనసులో మెదలినది. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చుచోట శ్రీరాముడు బాణపుమొనతో ఆంజనేయుని రూపం శిలపై గీసినాడనియు, ఎడమచేతి చిటికెనవ్రేలు మిగిలిపోయినదనియు, తరువాత దానిని పూర్తిచేయబోగా రక్తం స్రవించినదనియు స్థలపురాణం. చివరి గీత దగ్గర చేయి వణకుట రూపం కల్పించువాని వినయం. ఆ వినయం నా మేనల్లునిలో కనబడినది. నేను సంధ్యావందనంలో కూడ అంత నిశ్చలంగా కూర్చుండని దినములున్నవి.

రెండవ ఆక్షేపణ యుద్ధము గూర్చినది. ఇక్కడ నేను వానితో వాదించితిని. ఇంకను పూర్తిగా ఏకీభవింపలేదు. మన భారతంలో యుద్ధమునకు పూర్వం రాయబారం గలదు, ఆరంభమున గీతోపదేశం గలదు, ముగింపున స్త్రీపర్వంలో శోకం గలదు, దానికి పిమ్మట శాంతిపర్వం గలదు. ఈ కల్పిత జగత్తులో శాంతిపర్వం లేదు. ఏ పక్షమునకును ధర్మం లేదు. మానవసామ్రాజ్యపు చక్రవర్తి, దేవతలు లేరనియు తనను పూజింపవలదనియు బోధించినవాడు. బంగారు సింహాసనంపై జీవచ్ఛవమై పదివేల ఏండ్లుగా ఉన్నాడు. ప్రజలు ఆయననే దేవుడని ఆరాధించుచు, సందేహించినవారిని దహించుచుందురు.

"ఇట్టి లోకమును చూచి నీవు నేర్చునదేమి?" అని అడిగితిని. "అది ఆదర్శం కాదు, హెచ్చరిక. గురువు చెప్పింది మరిచిపోయి గురువు కుర్చీని పూజిస్తే ఏమవుతుందో చూపించినారు" అన్నాడు. అర్చకవృత్తిలో ముప్పదియేండ్లు గడిపిన నాకు ఆ మాట తగిలినది. హెచ్చరికను హెచ్చరికగా గ్రహించువానికి దోషం లేదు. నాలుగేండ్లుగా ఆ లోకంలోనే ఉండి, ధర్మయుద్ధమన్నది ఎక్కడను లేదని నమ్ముటకు అలవడినవానికి మాత్రం పెద్దలు శాంతిపర్వం వినిపింపవలెను. బొమ్మలను పారవేయుట శాంతిపర్వం వినిపించుట కాదు.

నవ్వువచ్చు సంగతి ఒకటి చెప్పెదను. ఆ హరితవర్ణ యోధులకు, ఎర్రరంగు పూసిన బండి వేగంగా పోవునని గట్టి నమ్మకమట. "ఎంత మూఢులు!" అన్నాను. "ఆయుధపూజ రోజు నా బైకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది ఎవరు మామయ్యా?" అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరం రెండేండ్ల తరువాత కలిసి నవ్వితిమి.

నిలిచిన ఆక్షేపణ

మూడవది వ్యయం గూర్చినది. ఇదియే నిలుచును. అయితే దాని మూలం ధనం కాదు.

మంచం క్రింద ఏమున్నదో చూపుమని అడిగితిని. విప్పని పెట్టెలు పదునాలుగు. ఒక్కొక్కటి వేల రూపాయలది. ఈ క్రీడ ఆడువారే అట్టి రాశికి పైల్ ఆఫ్ షేమ్, అనగా సిగ్గుల గుట్ట, అని పేరు పెట్టుకొన్నారట. క్రొత్తది విడుదలైనప్పుడు మనసాగదు. తెచ్చిన పిమ్మట విప్పుటకు తీరిక ఉండదు. కుంచె పట్టినప్పుడు ఏకాగ్రత. పెట్టె కొనునప్పుడు చాంచల్యం. ఒకే వస్తువులో ఈ రెండును ఉన్నవి.

దసరాలలో మనం పారాయణం చేయు సప్తశతి ఎక్కడ మొదలగునో స్మరింపుడు. సురథుడను రాజు రాజ్యం పోగొట్టుకొని అడవిలో తిరుగుచు, ఇక తనవి కాని ఏనుగులను, కోశమును, భృత్యులను తలచి తలచి కుమిలిపోవుచుండును. సమాధి యను వైశ్యుడు తనను వెడలగొట్టిన కుటుంబమునే తలచుచుండును. మేధామునిని వారడిగిన ప్రశ్న ఇదే: తెలిసియుండియు ఈ మమత ఎందుకు విడువదు? లేని సేనపై మమకారం గల రాజు కథతో మన నవరాత్రి గ్రంథం ఆరంభమగుచున్నది. బొమ్మలసేన గూర్చి శాస్త్రంలో ఏమున్నదని అడుగువారికి నేను చూపునది ఆ ఘట్టమే. చివరకు ఆ ఇరువురు నదీతీరమున మట్టితో దేవీప్రతిమను చేసి ఆరాధించినారు. మమతకు మందుగా వారు పొందినదియు చేతితో చేసిన ఒక ప్రతిమయే యని గమనింపుడు.

మేనల్లునికి ఈ సంగతి చెప్పి, నాకు నేను చెప్పుకొనక తప్పలేదు. మా ఇంట మూడు బీరువాలలో గ్రంథములున్నవి. వాటిలో సగం నేను విప్పలేదు. పుస్తకప్రదర్శనకు పోయినప్పుడెల్ల మరి నాలుగు తెచ్చుదును. అవి భాష్యములగుటచే నా గుట్టకు సిగ్గు అను పేరు లేదు, అంతే భేదం.

సిద్ధాంతం

కావున నా నిర్ణయం ఇది. ఈ బొమ్మల వలన గృహమునకు దోషం లేదు. కొలువులో దిగువ మెట్టున నిలుపవచ్చును. కొలువు మెట్లు జీవుల ఆరోహణక్రమమును సూచించునని పెద్దల మాట. కలశం పైన, దేవతలు దాని క్రింద, మనుష్యులు, జంతువులు ఇంకను క్రింద. ధర్మం తెలియని లోకపు యోధులకు దిగువ మెట్టు తగిన స్థానమే. నిత్యపూజాపీఠంపై మాత్రం ఉంచరాదు, నైవేద్యం నివేదింపరాదు. అవి ఆటవస్తువులు, ఆటవస్తువులుగానే గౌరవింపదగినవి.

ఈ వ్యాసంగం గల యువకులకు మూడు నియమములు చెప్పుచున్నాను. చేతనున్నది ముగియక క్రొత్తది కొనరాదు. సంధ్యావందనమునో, గృహదేవతా స్మరణమునో ముగించిన తరువాతనే కుంచె పట్టవలెను. అప్పుడు ఆ ఏకాగ్రత ఎక్కడనుండి వచ్చుచున్నదో నీకే తెలియును. సంవత్సరంలో ఒక్కటియైన, బాగుగా కుదిరిన బొమ్మను, మరియొకరికి ఇచ్చివేయవలెను. మట్టిగణపతిని నీటిలో విడుచునప్పుడు మనం అభ్యసించునది అదియే. ఇచ్చుటకు చేయి రానిచో, సేన నీ అధీనంలో లేదు, నీవే దాని అధీనంలో ఉన్నావని గ్రహింపుము.

తల్లిదండ్రులకు చెప్పునది ఒక్కటే. తీర్పునకు ముందు ఒక్క రాత్రి ప్రక్కన కూర్చుండుడు. పులివెందుల పెద్దమనిషికి నేను ఫోనులో చెప్పినదియు ఇంతే. కుమారుడు ఏ బొమ్మకు కన్నులు దిద్దుచున్నాడో చూచి, దాని పేరడుగుమన్నాను.

ఏల ఇట్లు చెప్పుచున్నానో చివరి మాటగా నివేదించెదను. బెంగళూరులో మూడవరాత్రి వాడు అలమర పైనుండి ఒక బల్లను దింపినాడు. ఆట ఆడుటకు యుద్ధభూమిని కూడ చేతితోనే నిర్మింతురట. థర్మకోలు పొరలను నిలువున కోసి, ఎర్రని రంగు పూసి, నడుమ లోతున ఒక నదిని మెరుగుపూతతో కల్పించినాడు. ఒడ్డున చిన్న కోటగోడ. "ఇది ఏ గ్రహం?" అని అడిగితిని. వాడు నా వంక చూచి, "గండికోట మామయ్యా. మన పెన్న" అన్నాడు.

1652లో తవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వచ్చి చూచునాటికి మీర్ జుమ్లా వశమై, ఫిరంగులు పోతపోయుచున్న గండికోట. జమ్మలమడుగు నుండి మేము వనభోజనములకు పోయి, వీడిని భుజంపై ఎత్తుకొని లోయ చూపిన గండికోట. నేను పిశాచప్రతిమలని త్రోసివేసిన ఆ సంవత్సరమంతయు, పండుగకు ఇంటికి రాని ఆ సంవత్సరమంతయు, వాడు రాత్రులు కూర్చుండి నిర్మించినది తన ఊరి లోయను.

నిన్న ఫోను చేసి, ఈసారి బొమ్మలతోబాటు లోయను కూడ తెమ్మన్నాను. ఏడవ మెట్టు ఖాళీగా ఉంచుమని చెల్లెలికి చెప్పితిని. కొంతసేపు నిశ్శబ్దంగా ఉండి, "సెలవు అడుగుతాను మామయ్యా" అన్నాడు.

దొరకునో లేదో తెలియదు. అడుగుదునన్నాడు.

శుభం భూయాత్.